హెవీ మెటల్‌ని మొదలుపెట్టింది ఎవరు? తెగిన వేళ్ల కథ నిజమేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: హెవీ మెటల్‌కి ఆద్యులు లెడ్ జెపెలినా, బ్లాక్ సబ్బతా, లేక మీ స్నేహితుడు వాదించినట్టు ‘హెల్టర్ స్కెల్టర్’ చేసిన బీటిల్సా? గిటారిస్టు వేళ్లు తెగిపోవడం వల్లే ఈ సంగీతం పుట్టిందంటారు, అది నిజమా, అభిమానులు అల్లిన కథా?

సూటి జవాబు: బ్లాక్ సబ్బత్. ఊరు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్. తేదీ కూడా కావాలంటే వాళ్ల మొదటి ఆల్బమ్ విడుదలైన రోజు, 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం. వేళ్లు తెగిన మాట నిజమే. కానీ దాన్నుంచి జనం లాగే ముగింపులో సగమే నిజముంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను హైదరాబాద్‌లో గిటార్ నేర్పుతాను. చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ కొంత నేర్చుకున్నాను, తర్వాత కొన్నేళ్లు బ్యాండ్లకి స్టేజి సౌండ్ చూశాను. అందుకే ఈ గొడవని అభిమానిగా కంటే వాయించేవాడిగా చూడటం నాకు అలవాటు. ఏ బ్యాండ్ గొప్పది అన్నది ఒక ప్రశ్న, ఎవరి దగ్గర పాట కట్టే పద్ధతి మారింది అన్నది వేరే ప్రశ్న. మీరు అడిగింది రెండోదే అనుకుని రాస్తున్నాను.

గోల ఎక్కువైనంత మాత్రాన మెటల్ అయిపోదు. ఈ ఒక్క విషయం ఒప్పుకుంటే సగం వాదనలు వాటంతట అవే తేలిపోతాయి.

గోల అంతకు చాలా ముందే ఉంది. 1958లో అమెరికాలో లింక్ రే అనే గిటారిస్టు ‘రంబుల్’ కోసం తన ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) స్పీకర్‌కి పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. అందులో పాడే మాట ఒక్కటీ లేదు. అయినా కుర్రాళ్లని కొట్లాటలకి ఉసిగొల్పుతుందని కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వేయడం మానేశాయి. 1964లో లండన్‌లో కింక్స్ బ్యాండ్ గిటారిస్టు డేవ్ డేవీస్, అప్పటికి టీనేజి కుర్రాడు, ఒక చిన్న ఆకుపచ్చ ఆంప్ తెచ్చుకుని అందులోని స్పీకర్ కోన్‌ని రేజర్ బ్లేడుతో చీల్చాడు. కోన్ అంటే కాగితపు గుజ్జుతో చేసిన గరాటా లాంటిది. దాన్ని కోస్తే తెగిన అంచులు తీగ మోగినప్పుడల్లా కొట్టుకుంటూ బరబరమంటాయి. ‘యూ రియల్లీ గాట్ మీ’ మొదట్లో వినిపించే బరబర అదే.

అదే కాలంలో పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో డ్రమ్ముల షాపు నడిపే జిమ్ మార్షల్ ఆంప్‌లు తయారుచేయడం మొదలుపెట్టాడు. ద హూ బ్యాండ్ వాళ్లు ఇంకా గట్టిగా వినపడాలని వెంటపడితే 1965లో 100 వాట్ల ఆంప్ చేసిచ్చాడు. ఇప్పుడు గిటార్ ముందు మైక్ పెట్టి హాలంతా స్పీకర్లలో వినిపిస్తాం. అప్పట్లో స్టేజి సౌండ్ సిస్టమ్ అంటే దాదాపు పాడేవాడి మైక్ వరకే. వెనక వరసకి గిటార్ వినపడాలంటే ఆంపే అరవాలి. వాల్వ్ ఆంప్‌ని పూర్తి వాల్యూమ్‌లో పెడితే సౌండ్ పెరగడం ఒక దశలో ఆగిపోయి, స్వరం చిట్లుతుంది, చిక్కబడుతుంది, తీగ చాలాసేపు మోగుతూనే ఉంటుంది. డిస్టార్షన్ అనే ఈ గుణాన్ని ఇప్పుడు చిన్న పెడల్‌లో కొనుక్కుంటున్నాం.

తర్వాత అందరూ వచ్చారు. 1966లో లండన్‌లో క్రీమ్ అనే బ్యాండ్ మొదలైంది. అదే ఏడాది గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ అమెరికా నుంచి లండన్ చేరాడు. 1968లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బ్లూ చియర్ అనే బ్యాండ్ ‘సమ్మర్‌టైమ్ బ్లూస్’ని చెవులు చిల్లులు పడేలా వాయించింది. అదే ఏడాది ఐరన్ బటర్‌ఫ్లై ఒకే పాటతో ఎల్‌పీలో ఒక వైపంతా నింపింది. మీ స్నేహితుడు చెప్పిన ‘హెల్టర్ స్కెల్టర్’ కూడా 1968 నవంబర్‌దే. ద హూ వాళ్లు ఎంతో మోటుగా, గట్టిగా ఒక పాట చేశారని చదివి, అంతకన్నా మోటుగా చేయాలని పాల్ మెక్‌కార్ట్నీ పట్టుపట్టి చేసిన పాట అది. నాకు చాలా ఇష్టం. కానీ బీటిల్స్‌కి అది ఒక్కసారి సరదాగా చేసిన ప్రయోగం. ఆ దారిలో వాళ్లు ముందుకి నడవలేదు.

ఇలాంటి వాదన వచ్చినప్పుడు క్లాసులో నేను పెట్టే పరీక్ష ఒకటుంది. ఆంప్ ఆపేసి ఆ పాటని అకూస్టిక్ గిటార్ (కరెంటు అక్కర్లేని మామూలు గిటార్) మీద వాయించండి. డిస్టార్షన్ తీసేశాక ఏం మిగులుతుందో చూడండి. బ్లూ చియర్ పాటలో మిగిలేది ఎడ్డీ కోక్రన్ 1958లో చేసిన రాక్ అండ్ రోల్. క్రీమ్ పాటల్లో చాలావాటిలో మిగిలేది బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం. ‘హెల్టర్ స్కెల్టర్’లో మిగిలేది కూడా రాక్ అండ్ రోలే. అదే బ్లాక్ సబ్బత్ ‘ఐరన్ మ్యాన్’ని అకూస్టిక్ మీద, పిల్లాడు నేర్చుకునేంత నెమ్మదిగా వాయించినా అది ‘ఐరన్ మ్యాన్’ లాగే వినిపిస్తుంది. దాని బరువు ఆంప్‌లో లేదు, స్వరాల కూర్పులోనే ఉంది. నా దృష్టిలో మెటల్ మొదలైంది అక్కడ.

కూర్పు అంటున్నాను కాబట్టి రెండు సంగతులు చెప్పాలి. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లకి ఇవి చాలా తేలిగ్గా అర్థమవుతాయి.

ఒకటి, పవర్ కార్డ్. రాక్, మెటల్ గిటార్‌కి ప్రాణం ఇదే. కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి. ఇందులో ఉండేది షడ్జం (స), పంచమం (ప), అంతే. మన తంబూరా శ్రుతే! గాంధారం (గ) ఉండదు. గాంధారం లేకపోతే మేజరో మైనరో తేలదు, ఆనందమా విషాదమా అన్నది చెప్పకుండా ఉండిపోతుంది. గాంధారాన్ని ఎందుకు తీసేశారంటే అసలు కారణం డిస్టార్షనే. రెండు స్వరాలు కలిసి డిస్టార్షన్‌లోకి వెళితే వాటి తేడాలతో కొత్త స్వరాలు పుడతాయి. ఫ్రెట్లు (వీణకుండే మెట్లలాంటివి) ఉన్న గిటార్‌లో పంచమం దాదాపు శుద్ధంగా ఉంటుంది కాబట్టి, స-ప కలిస్తే పుట్టే కొత్త స్వరం కింది స్థాయి షడ్జమే అవుతుంది. అంటే మీరు మీటని మంద్ర స్వరం ఒకటి అడుగున మోగుతుంది. గాంధారం మాత్రం ఫ్రెట్ల మీద అంత శుద్ధంగా పలకదు, అక్కడ పుట్టేవి ఒకదానితో ఒకటి పోట్లాడి బురదలా వినిపిస్తాయి. పవర్ కార్డ్ అంత నిండుగా, ఛాతీ అదిరేలా ఎందుకుంటుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒక ఆంప్ ముందు కూర్చుని స-ప, స-గ విడివిడిగా మీటి చూడండి.

రెండోది, పాటలో యజమాని ఎవరన్నది. మన కచేరీలో వయొలిన్ గాయకుణ్ణి అనుసరిస్తుంది. బ్లూస్‌లో, బ్లూస్ నుంచి వచ్చిన రాక్‌లో పాడేవాడు ఒక మాట అంటాడు, గిటార్ దానికి బదులిస్తుంది. ‘ఐరన్ మ్యాన్’లో సబ్బత్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ ఏం పాడుతున్నాడో వినండి. గిటార్ వాయించే వరసనే పాడుతున్నాడు. గాయకుడే గిటార్‌ని అనుసరిస్తున్నాడు! ఆ గిటార్ వరసనే రిఫ్ అంటారు. అంతకు ముందు రిఫ్ పాటకి అలంకారం, ఇక్కడ రిఫ్పే పాట. ఒక రిఫ్ పూర్తయ్యాక ఇంకో రిఫ్, వేగం మారి మూడో రిఫ్, ఇలా మెట్టు మీద మెట్టుగా పాట కట్టడం మెటల్ పద్ధతి. 1970 నుంచి ఈ రోజు వరకూ అది మారలేదు.

మరి లెడ్ జెపెలిన్? మొదటి ఆల్బమ్ 1969 జనవరిలో వచ్చింది, సబ్బత్ కంటే ఏడాది ముందు. తేదీల లెక్కన వాళ్లకే పట్టం కట్టేవాళ్లున్నారు. వాళ్ల పాత్రని నేను తక్కువ చేయను. వాళ్ల డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్ సౌండ్ ఎలా ఉంటే బాగుంటుందో ప్రపంచానికి నేర్పాడు. 1971లో ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ కోసం హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, పైన మెట్ల దగ్గర నుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. సౌండ్ పని చేసే ఎవరైనా ఒక్కసారైనా ఆ సౌండ్‌కి అసూయపడి ఉంటారు. కానీ ఆ మొదటి ఆల్బమ్‌లోనే బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పాటలు రెండున్నాయి. 1970లో, సబ్బత్ రెండు ఆల్బమ్‌లు ఇచ్చిన ఏడాదిలో, జెపెలిన్ మూడో ఆల్బమ్ రెండో వైపంతా చాలావరకు అకూస్టిక్ జానపద బాణీలే. అది వాళ్ల లోపం కాదు, వాళ్ల విస్తృతి. బ్లూస్, జానపదం, తూర్పుదేశాల సంగీతం అన్నీ వాళ్లకి కావాలి. మెటల్ వాళ్ల ఇంట్లో ఒక గది మాత్రమే, సబ్బత్‌కి అదే ఇల్లు.

ఇంకో ఇంగ్లిష్ బ్యాండ్ డీప్ పర్పుల్ సంగతి వేరు. 1970 జూన్‌లో వచ్చిన ‘ఇన్ రాక్’ మెటల్‌కి వేగాన్ని, వాద్య నైపుణ్యాన్ని ఇచ్చింది. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్ అనే కీబోర్డు వాద్యాన్ని మార్షల్ ఆంప్‌లోంచి పంపించి గిటార్‌తో పోటీపడేలా గరగరలాడించాడు. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ సోలోల్లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినిపిస్తుంది. గిటార్ పట్టిన ప్రతివాడూ మొదట వాయించే ‘స్మోక్ ఆన్ ద వాటర్’ వాళ్లదే. 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో వాళ్లు రికార్డింగ్‌కి అనుకున్న కసీనో, ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ఎవరో ఫ్లేర్ గన్ (మంట సంకేతాలు వదిలే తుపాకి) పేల్చడంతో కాలిపోయింది. సరస్సు మీద పొగ చూసి ఆ పాట రాసుకున్నారు. (నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఆ రిఫ్‌ని పవర్ కార్డ్స్‌తో వాయిస్తారు. బ్లాక్‌మోర్ వాయించింది స-మ జంటలతో, పిక్ లేకుండా వేళ్లతో మీటి.)

ఇక అసలు కథ, బర్మింగ్‌హామ్.

గిటారిస్టు టోనీ అయోమీ, బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్, డ్రమ్మర్ బిల్ వార్డ్, గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్, సబ్బత్ నలుగురూ ఆస్టన్ అనే కార్మికవాడ కుర్రాళ్లు. ఫోర్జింగ్ షెడ్లు, రేకుల ఫ్యాక్టరీలు, కార్ల విడిభాగాల కంపెనీలు ఉన్న ఊరు. ఆజీ కబేళాలో పనిచేశాడు, కార్ల హారన్లు ట్యూన్ చేసే పని కూడా చేశాడు, చిన్న దొంగతనానికి కొన్ని వారాలు జైల్లో ఉన్నాడు. (అదే ఆస్టన్‌లో, విల్లా పార్క్ స్టేడియంలో 2025 జులై 5న ఈ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. అదే నెల 22న ఆజీ పోయాడు.)

అయోమీ రేకుల ఫ్యాక్టరీలో వెల్డర్. 17 ఏళ్ల వయసులో ఒక బ్యాండ్‌తో జర్మనీ వెళ్లే అవకాశం వచ్చి ఉద్యోగం మానేశాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లి, ఇక తిరిగి వెళ్లనన్నాడు. పని సక్రమంగా ముగించి రమ్మని తల్లి పంపించింది. ఆ పూట రేకుల్ని నొక్కే ప్రెస్ మీద పనిచేసే మనిషి రాకపోవడంతో అలవాటు లేని ఆ మెషీన్ దగ్గర ఇతన్ని నిలబెట్టారు. ప్రెస్ చేతి మీద పడింది, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కునేసరికి కుడి చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అయోమీది ఎడమ చేతి వాటం. అంటే ఫ్రెట్ల మీద తీగలు నొక్కే చెయ్యి కుడిదే. ఇక వాయించలేవని డాక్టర్లు చెప్పేశారు.

అతన్ని చూడటానికి వచ్చిన ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినమన్నాడు. వాయించింది జాంగో రైన్‌హార్ట్. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా మిగిలిన వేళ్లతో యూరప్‌లో గొప్ప జాజ్ గిటారిస్టు అయిన మనిషి. అది విన్నాక అయోమీ గిన్నెలు కడిగే లిక్విడ్ ప్లాస్టిక్ సీసాని కరిగించి, ఉండగా చేసి, వేలి కొసకి సరిపోయేలా వేడి ఇనుముతో తొలిచి, గరుకు కాగితంతో రుద్ది తొడుగులు చేసుకున్నాడు. ప్లాస్టిక్ తీగ మీద జారిపోతుంటే పైన పాత తోలు జాకెట్ ముక్క అతికించాడు. మామూలు గిటార్ తీగలు నొక్కితే నొప్పి. అప్పట్లో సన్న తీగల సెట్లు షాపుల్లో దొరికేవి కావు. అందుకని బాంజో తీగలు తెచ్చి వేసుకున్నాడు.

ఇక్కడిదాకా అంతా నిజం. జనం దీనికి తగిలించే ముగింపు ఇది: వేళ్ల నొప్పి వల్ల తీగలు వదులు చేశాడు, అందుకే శ్రుతి దిగింది, అందుకే ఆ చీకటి సౌండ్, అందుకే మెటల్. ఇది చెల్లదు. మొదటి రెండు ఆల్బమ్‌లూ మామూలు ట్యూనింగ్‌లోనే ఉన్నాయి. ‘బ్లాక్ సబ్బత్’, ‘వార్ పిగ్స్’, ‘ఐరన్ మ్యాన్’, ‘పారనాయిడ్’ ఏదైనా సరే, మీ గిటార్ మామూలుగా ట్యూన్ చేసి రికార్డుతో పాటు వాయించండి, సరిపోతుంది. మూడు ఫ్రెట్ల కిందికి దించడం 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో మొదలైంది. అదీ ‘చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్’, ‘ఇన్‌టు ద వాయిడ్’ లాంటి కొన్ని పాటల్లోనే. అలా దించితే తీగ బిగువు సుమారు 30 శాతం తగ్గుతుంది కాబట్టి వేళ్లకి హాయి అన్నది నిజమే. కానీ అప్పటికే మెటల్ పుట్టి ఏడాది దాటింది.

మరి వేళ్లు ఇచ్చిందేమిటి? తొడుగు వేసుకున్న వేలికి స్పర్శ తెలియదు. చాలా స్వరాలున్న జాజ్ కార్డ్స్ కష్టం. చూపుడు వేలు, చిటికెన వేలు బాగున్నాయి, పవర్ కార్డ్‌కి ఆ రెండు చాలు. తక్కువ స్వరాలతో ఎక్కువ నిండుదనం రాబట్టాల్సి వచ్చింది, సన్న తీగలు కాబట్టి స్వరాన్ని వణికించడం, ఊపడం తేలికైంది. గీజర్ అంతకు ముందు రిథమ్ గిటారిస్టు. బేస్ పట్టుకున్నాక కూడా అలవాటు పోక గిటార్ రిఫ్‌నే కింది స్థాయిలో వెంటాడాడు. అందుకే ఒక్క గిటార్ ఉన్న బ్యాండ్ అంత దిట్టంగా వినిపిస్తుంది. అంటే వేళ్లు అయోమీ బాణీని తేల్చాయి. పాట కట్టే పద్ధతి మాత్రం బుర్రలోంచి, రిహార్సల్‌లోంచి వచ్చింది.

రిహార్సల్ అన్నానని గుర్తొచ్చింది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. 1968 చివర్లో అయోమీ కొద్ది రోజులు జెత్రో టల్ బ్యాండ్‌లో చేరాడు. వాళ్లు ఉద్యోగానికి వెళ్లినట్టు పొద్దున్నే సాధనకి కూర్చోవడం చూశాడు. తిరిగొచ్చి తన ముగ్గురినీ పొద్దున తొమ్మిదికల్లా లేపి వాయించడం మొదలుపెట్టాడు. అప్పటికి వాళ్ల పేరు ఎర్త్, వాయించేది బ్లూస్. తర్వాత జర్మనీలోని హాంబర్గ్ స్టార్ క్లబ్‌లో రోజుకి అనేక విడతలు వాయించాల్సి వచ్చింది. అన్ని పాటలు లేవు. ఉన్నవాటినే సాగదీసి, మధ్యలో కొత్త వరసలు పుట్టించుకున్నారు. చాలా రిఫ్‌ల పుట్టుక ఈ అవసరంలోనే ఉంది.

ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన ఒక భయానక చిత్రం పేరు తీసుకుని 1969లో బ్లాక్ సబ్బత్ అయ్యారు. ఆ అక్టోబర్‌లో లండన్‌లో రోజంతా కూర్చుని మొదటి ఆల్బమ్ రికార్డు చేసేశారు. స్టేజి మీద వాయించేదే అక్కడా వాయించి, వెంటనే వేరే దేశంలో ప్రోగ్రామ్‌కి వెళ్లిపోయారు. ఆ రోజే అయోమీ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో తీగల మోతని ఆంప్‌కి పంపే పికప్ పాడైపోతే, స్పేర్‌గా తెచ్చుకున్న గిబ్సన్ ఎస్‌జీ గిటార్‌తో మిగతాదంతా కానిచ్చాడు. ఆ తర్వాత అతని చేతిలో ఎస్‌జీనే స్థిరపడింది. మొదట్లో వినిపించే వాన, ఉరుము, చర్చి గంట తర్వాత నిర్మాత రోజర్ బెయిన్ చేర్చినవి.

ఆ మొదటి పాటలో, బ్యాండ్ పేరే పాటకి కూడా, రిఫ్ అంతా కలిపి మూడు స్వరాలు. షడ్జం, పై షడ్జం, ప్రతి మధ్యమం (పంచమానికి సరిగ్గా ఒక్క మెట్టు కింద ఉండే మ). ఆ ప్రతి మధ్యమం మీద ఆగి వణికిస్తాడు. గీజర్ అంతకు ముందు ఇంగ్లిష్ స్వరకర్త హోల్స్ట్ ఆర్కెస్ట్రా రచన ‘మార్స్’లోని వరసని బేస్ మీద వాయిస్తుంటే, దాని ప్రభావంలోనే ఈ రిఫ్ పుట్టిందని వాళ్లే చెప్పారు. ఐరోపా సంగీతంలో ఈ స్వరాంతరానికి దెయ్యపు స్వరమని పేరు. మనకి ఆ భయం లేదు. కల్యాణిలో రోజూ వినే ప్రతి మధ్యమమే కదా! తేడా ఎక్కడంటే, కల్యాణిలో పక్కనే పంచమం ఉంటుంది, వెనక తంబూరా స-ప పలుకుతూనే ఉంటుంది, కాబట్టి ప్రతి మధ్యమం ఆ పంచమం వైపు ఒరిగి సేద తీరుతుంది. అయోమీ పంచమాన్ని ఇవ్వడు. పైగా వేగం దాదాపు శవయాత్ర నడక. ఎక్కడా దిగడానికి మెట్టు లేకుండా ప్రతి మధ్యమం మీద మనల్ని నిలబెట్టేస్తాడు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కర్ణాటకం తెలిసినవాళ్లు దీన్ని విన్న వెంటనే పంచమం కోసం వెతుక్కుంటారు. ఆ వెతుకులాటే ఆ పాట ఇచ్చే టెన్షన్.

ఇంకో మాట, డ్రమ్మర్లు నాతో పోట్లాడేది దీని మీదే. బిల్ వార్డ్ జాజ్ డ్రమ్మర్లని వింటూ పెరిగాడు. సబ్బత్ పాటల్లో ఊగే నడక ఉంటుంది. ఇప్పటి బ్యాండ్లు చెవిలో టక్‌టక్‌మని తాళం చెప్పే క్లిక్ పెట్టుకుని సరళరేఖలా వాయిస్తే స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, పాట మాత్రం చచ్చిపోతుంది.

సైతాను పూజ గొడవ గురించి కూడా అడుగుతారని తెలుసు. మాటలు ఎక్కువగా రాసింది గీజర్. మొదటి పాట దెయ్యాన్ని చూసి బెదిరిపోయి దేవుణ్ణి వేడుకునేవాడి గోడు, పూజ కాదు. ఆల్బమ్ అట్ట లోపల తలకిందుల శిలువ వేసింది రికార్డు కంపెనీ. వీళ్లు మెడలో వేసుకున్న శిలువలు ఆజీ నాన్న లోహంతో చేసిచ్చినవి. రెండో ఆల్బమ్‌లోని ‘వార్ పిగ్స్’ సూటిగా యుద్ధం మీద కోపం. పేదల్ని చావడానికి పంపే పెద్దమనుషుల్ని తిట్టిన పాట, వియత్నాం రోజుల్లో. ఆల్బమ్‌కి మొదట అదే పేరు అనుకున్నారు. చివర్లో నిడివి సరిపోక గబగబా కట్టిన ‘పారనాయిడ్’ హిట్ కావడంతో కంపెనీ ఆ పేరు పెట్టింది. అందుకే అట్ట మీద కత్తి, డాలు పట్టుకున్న మనిషి అలా సంబంధం లేకుండా మిగిలిపోయాడు.

పత్రికలు వాళ్లని ఏకిపారేశాయి. జనం కొన్నారు. మొదటి ఆల్బమ్ బ్రిటన్ చార్టుల్లో 8వ స్థానానికి, రెండోది మొదటి స్థానానికి వెళ్లాయి.

‘హెవీ మెటల్’ అన్న పేరు గురించి ఎక్కువ చెప్పను. అమెరికన్ రచయిత విలియం బరోస్ నవలల్లో ఆ మాట ఉంది, 1968లో స్టెపెన్‌వుల్ఫ్ బ్యాండ్ పాటలో మోటార్‌సైకిల్ మోతకి వాడారు, 1970-71లో అమెరికన్ సమీక్షకులు ఇలాంటి సంగీతానికి తగిలించారు, అదీ మొదట్లో తిట్టుగా. పేరు ఎవరు పెట్టారన్నది పట్టుకుని పుట్టుకని తేల్చలేం.

సబ్బత్ పుట్టించిందే కానీ, దాన్ని ఒక ప్రత్యేక సంగీతంగా నిలబెట్టింది జూడస్ ప్రీస్ట్ బ్యాండ్. వీళ్లదీ ఆ చుట్టుపక్కలే, వెస్ట్ బ్రామ్విచ్. సబ్బత్‌లో ఇంకా బ్లూస్, జాజ్ వాసన ఉంది. 1976 నాటి ‘శాడ్ వింగ్స్ ఆఫ్ డెస్టినీ’ నుంచి ప్రీస్ట్ ఆ వాసనని కడుగుతూ వచ్చింది. కె.కె. డౌనింగ్, గ్లెన్ టిప్టన్, ఇద్దరు గిటారిస్టులు జంటగా వాయించే వరసలు. పై స్థాయిలో కత్తిలా దూసుకెళ్లే రాబ్ హాల్‌ఫర్డ్ గొంతు. తర్వాత తోలు బట్టలు, మేకులు. ఈ రోజు మెటల్ అనగానే మీ కళ్ల ముందు కనిపించే వేషం వీళ్లదే. 1980లో ‘బ్రిటిష్ స్టీల్’ రికార్డు చేసేటప్పుడు, చప్పుళ్లని దాచుకుని కావాల్సినప్పుడు మోగించే శాంప్లర్లు ఇంకా అంతగా అందుబాటులో లేవు కాబట్టి, ‘మెటల్ గాడ్స్’లో లోహపు చప్పుళ్ల కోసం వంటింటి చెంచాలు, ఫోర్కులు ఉన్న ట్రేలని మైక్ ముందు ఆడించారు.

ఈలోగా పంక్ అనే మోటు, వేగమైన రాక్ వచ్చింది, 1976-77లో. ఒకళ్లనొకళ్లు అసహ్యించుకుంటూనే మెటల్ వాళ్లు పంక్ నుంచి రెండు నేర్చుకున్నారు: వేగం, పెద్ద కంపెనీ కోసం కాచుక్కూర్చోకపోవడం. లెమీ అనే గాయకుడి బ్యాండ్ మోటర్‌హెడ్‌ని రెండు వర్గాలూ సొంతం చేసుకున్నాయి. 1979లో ‘సౌండ్స్’ పత్రికలో జెఫ్ బార్టన్ రాసినదాంతో ఈ కొత్త బ్యాండ్ల గుంపుకి ‘న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్’ అన్న పేరు స్థిరపడింది. తూర్పు లండన్ నుంచి ఐరన్ మెయిడెన్, బార్న్స్‌లీ నుంచి శాక్సన్, స్టూర్‌బ్రిడ్జ్ నుంచి డైమండ్ హెడ్, న్యూకాసిల్ నుంచి వెనమ్. మెయిడెన్ వాళ్లు డెమో టేపుని సొంతంగా రికార్డు కొట్టించి పోస్టులో అమ్ముకున్నారు. ఆ కాలం బ్యాండ్లంటే పిచ్చి ఉన్న లార్స్ ఉల్రిక్ అనే డేనిష్ కుర్రాడు 1981లో లాస్ ఏంజెలెస్ నుంచి ఇంగ్లండ్ వెళ్లి డైమండ్ హెడ్ వాళ్ల దగ్గరే మకాం పెట్టాడు. అదే ఏడాది తిరిగి వెళ్లి మెటాలికా మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి కథ అమెరికాది.

మన దగ్గర ఈ వాదన ఇంత గజిబిజిగా ఎందుకుంటుందంటే, మనకి మెటల్ తలకిందులుగా చేరింది. నా తరం హైదరాబాద్ కుర్రాళ్లకి 90ల్లో కేబుల్ టీవీలో మెటాలికా ముందు దొరికింది, తర్వాత క్యాసెట్ల మీద మెయిడెన్, ఎప్పటికో సబ్బత్. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వస్తే ఇక్కణ్ణుంచి బస్సుల్లో వెళ్లాం. ఆ బస్సులో మెయిడెన్ పాటలు రాని వాడు లేడు, సబ్బత్ మొదటి ఆల్బమ్ పూర్తిగా విన్నవాళ్లు మాత్రం అరుదు. అలా వెనక నుంచి ముందుకి వింటే 1970 రికార్డు పలచగా అనిపిస్తుంది, ‘ఇదేం హెవీ?’ అనిపిస్తుంది. అందుకే వరసలో వినమంటాను: ‘యూ రియల్లీ గాట్ మీ’, బ్లూ చియర్ ‘సమ్మర్‌టైమ్ బ్లూస్’, జెపెలిన్ మొదటి ఆల్బమ్, వెంటనే సబ్బత్ మొదటి పాట. ఒకే రోజు, ఒకే హెడ్‌ఫోన్స్‌తో. ఆ నాలుగోది మొదలవగానే ఏం మారిందో నేను చెప్పక్కర్లేదు. తర్వాత ‘ఇన్ రాక్’, ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’, ‘శాడ్ వింగ్స్ ఆఫ్ డెస్టినీ’, మెయిడెన్ మొదటి ఆల్బమ్.

మీరు గిటార్ వాయిస్తారో లేదో రాయలేదు. వాయిస్తే, వేళ్ల కథ విని వెంటనే తీగలు దించేయకండి. మామూలు సెట్‌ని మూడు ఫ్రెట్ల కిందికి దించితే తీగ వదులై ఫ్రెట్ల మీద గిలగిలలాడుతుంది, కాస్త గట్టిగా నొక్కినా శ్రుతి పైకి పోతుంది. అయోమీ అంత సన్న తీగలతో నెగ్గుకొచ్చాడంటే ఆ నొక్కు మీద అతనికి ఏళ్ల తరబడి వచ్చిన అదుపు కారణం. కొత్తవాళ్లు దించే ముందు మందం సెట్ వేసుకుని, నెక్, బ్రిడ్జ్ సరిచేయించుకోవాలి. ‘ఐరన్ మ్యాన్’కైతే అదీ అక్కర్లేదు, మామూలు ట్యూనింగ్‌లో ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.